నియోడిమియం క్లోరైడ్: ఇసుకకూ అయస్కాంతానికీ నడుమనున్న లవణం

విశాఖపట్నం, ప్రత్యేక వ్యాసం: మన రాష్ట్ర తీరంలోని ఇసుకలో విలువైన ఖనిజాలు ఉన్నాయని, వాటి నుంచి లభించే అరుదైన లోహాలు విద్యుత్ వాహనాలకు, గాలిమరలకు, రక్షణ పరికరాలకు అత్యవసరమని గత కొద్ది సంవత్సరాలుగా పత్రికలలో విరివిగా వార్తలు వెలువడుతున్నాయి. ఈ వార్తలలో అధిక భాగం ఇసుకతో మొదలై ఒక్క అంగలో అయస్కాంతం వద్దకు చేరుకుంటున్నాయి. నడుమనున్న దారిని గురించి చెప్పేవి బహు తక్కువ. నిజానికి ఖర్చు, శ్రమ, సాంకేతిక నైపుణ్యం, పరదేశాల మీద ఆధారపడవలసిన అగత్యం అన్నీ ఆ నడిమి దారిలోనే ఉన్నాయి.

మన దేశంలో అనుసరిస్తున్న పద్ధతిలో తీరపు ఖనిజంలోని అరుదైన లోహాలన్నీ తొలుత క్లోరైడ్ లవణాలుగా మారవలసిందే. అటువంటి లవణాలలో నియోడిమియం క్లోరైడ్ ఒకటి. దీనిని తయారుచేయడం ఎంత తేలికో, నీటి బారి నుంచి కాపాడడం అంత కష్టం. ఈ ఒక్క విషయం బోధపడితే, చేతిలో ఖనిజం ఉన్నంత మాత్రాన లోహం ఎందుకు చేతికి రాదన్న ప్రశ్నకు సగం సమాధానం దొరికినట్లే. పాత్రికేయ మిత్రులకు, జిల్లాలలో ఈ విషయమై ప్రజల సందేహాలకు సమాధానం చెప్పవలసిన అధికారులకు ఉపకరించే ఉద్దేశంతో ఈ లవణం తయారీని, గుణగణాలను ఇక్కడ వివరిస్తున్నాము.

విషయానికి ప్రస్తుతం ఎంతటి ప్రాముఖ్యం ఉన్నదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2025 నవంబరు 26న కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్ల రూపాయల వ్యయంతో, ఏడాదికి 6,000 టన్నుల సామర్థ్యం సాధించే లక్ష్యంతో, శాశ్వత అయస్కాంతాల తయారీ ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. ఆక్సైడ్‌ను లోహంగా, లోహాన్ని మిశ్రమలోహంగా, మిశ్రమలోహాన్ని అయస్కాంతంగా మార్చే దశలన్నీ దేశంలోనే జరగాలన్నది ఆ పథకం ఆశయం. ఇందులో మొదటి దశ అయిన "ఆక్సైడ్‌ను లోహంగా" మార్చే పని ఈ వ్యాసంలో చెప్పబోయే హాలైడ్ల సహాయం లేనిదే సాగదు. క్లోరిన్, ఫ్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ మూలకాలతో ఏర్పడే లవణాలకు హాలైడ్లని పేరు.

పేరులోని అరుదుదనం

విరళ మృత్తికలు అని పాఠ్యపుస్తకాలలోను, రేర్ ఎర్త్స్ అని వ్యవహారంలోను పిలిచే ఈ లోహాలు 17. పేరులో ఉన్నంత అరుదుదనం ప్రకృతిలో లేదు. భూమి పైపొరలో సీసం కంటె నియోడిమియమే ఎక్కువ. సీరియం అయితే ఇంచుమించు రాగితో సమానంగా ఉంటుంది. అరుదైనది వాటి ఉనికి కాదు, వేరుపడి ఒకచోట పోగుపడి ఉండడం. ఒకే ఖనిజంలో పదీ పన్నెండు లోహాలు కవలపిల్లల వలె ఒకే పోలికతో కలసి ఉంటాయి. ఒకదానిని మరొకటిగా భ్రమపడడం శాస్త్రవేత్తలకు సైతం తప్పలేదు. 19వ శతాబ్దంలో "డిడిమియం" అనే ఒకే మూలకంగా లెక్కించిన పదార్థం రెండు మూలకాల మిశ్రమమని 1885లో వియన్నా నగరంలో కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ నిరూపించాడు. వాటిలో ఒకటి ప్రసియోడిమియం, రెండవది నియోడిమియం.

ఈ శాస్త్రవేత్తతో మనకు మరొక విధమైన పరిచయం కూడా ఉన్నది. పల్లెలలో పెండ్లి పందిళ్ళను వెలిగించిన పెట్రోమాక్స్ దీపంలోని మాంటిల్, అనగా ఆ తెల్లని వలతిత్తి, ఆయన రూపొందించిన గ్యాసు మాంటిల్ సంతతికి చెందినదే. ఆ మాంటిల్‌కు కావలసిన థోరియం కోసమే పాశ్చాత్యులు మోనజైట్ ఇసుకను వెదకుతూ బయలుదేరారు. 1909లో జర్మన్ రసాయనవేత్త షోంబర్గ్ తిరువాన్కూరు తీరపు మోనజైట్‌ను గుర్తించడం భారతదేశంలో ఈ పరిశ్రమకు నాంది అయింది. అప్పట్లో కోరుకున్నది థోరియం. నియోడిమియం వంటివి దాని వెంట వచ్చినవి మాత్రమే. నేడు ఆ వరుస పూర్తిగా తలకిందులైంది.

ఇసుక నుంచి క్లోరైడ్ వరకు

మోనజైట్ అనేది అరుదైన లోహాల ఫాస్ఫేట్ ఖనిజం. బరువైన, పసుపు గోధుమ వన్నె గల రేణువులుగా ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, రూటైల్ తదితర ఖనిజాలతో కలసి తీరపు ఇసుకలో ఉంటుంది. అణు ఇంధన శాఖకు చెందిన, హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న అణు ఖనిజాల అన్వేషణ సంస్థ అంచనాల ప్రకారం దేశంలో 1 కోటి 31 లక్షల 50 వేల టన్నుల మోనజైట్, అందులో 72 లక్షల 30 వేల టన్నుల అరుదైన లోహ ఆక్సైడ్లు ఉన్నట్లు కేంద్ర ప్రభుత్వం 2025లో వెల్లడించింది. రాష్ట్రాల వారీగా చూస్తే మోనజైట్ అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. మోనజైట్‌లో థోరియం, కొద్దిపాటి యురేనియం ఉన్నందున ఇది నియంత్రిత పదార్థం. ఎవరికి తోచినట్లు వారు తవ్వి, శుద్ధి చేసి అమ్ముకునే వీలు లేదు.

టన్ను మోనజైట్‌లో స్థూలంగా 550 కిలోల అరుదైన లోహ ఆక్సైడ్లు ఉంటాయి. వాటిలో సీరియం, లాంథనంలదే పెద్ద వాటా. నియోడిమియం ఆక్సైడ్ వంద కిలోలకు కొంచెం అటూ ఇటూగా వస్తుంది. వార్తలలో కనిపించే భారీ అంకెలను చదివేటప్పుడు ఈ నిష్పత్తిని గుర్తుంచుకోవడం మంచిది.

మోనజైట్‌ను మెత్తగా నూరి, గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణంలో వేడిచేస్తారు. ఖనిజంలోని ఫాస్ఫేట్ భాగం ట్రైసోడియం ఫాస్ఫేట్‌గా మారి నీటిలో కరిగిపోతుంది. దానిని వేరుచేసి శుభ్రపరిచే పొడులు తదితరాల తయారీకి అమ్ముతారు. మిగిలిన మడ్డిలో అరుదైన లోహాల హైడ్రాక్సైడ్లు, థోరియం హైడ్రాక్సైడ్ కలసి ఉంటాయి. ఈ మడ్డికి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా, ఆమ్లగుణం ఒక హద్దు దాటకుండా చేరుస్తారు. అరుదైన లోహాలు క్లోరైడ్లుగా కరిగి ద్రావణంలోకి వస్తాయి. థోరియం కరగకుండా అడుగున నిలిచిపోతుంది. ఈ విభజనే పరిశ్రమ మొత్తానికి కీలకం. ద్రావణంలో ఇంకా మిగిలిన రేడియం వంటి రేడియోధార్మిక మూలకాలను బేరియం సల్ఫేట్‌తో పాటు అవక్షేపంగా దించివేసి తొలగిస్తారు. ఆ తరువాత ద్రావణాన్ని మరగించి చల్లార్చితే గట్టిపడిన ముద్దగా మిశ్రమ అరుదైన లోహ క్లోరైడ్ లభిస్తుంది. ఇందులో ఆక్సైడ్ల లెక్కన చూస్తే సుమారు 45 శాతం సరుకు ఉంటుంది.

స్వతంత్ర భారతదేశం తొలినాళ్ళలో నెలకొల్పిన పరిశ్రమలలో ఇది ఒకటి. ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ 1950లో ఏర్పడింది. కేరళలోని ఆలువాలో ఈ సంస్థ కర్మాగారాన్ని 1952లో అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. ప్రస్తుతం ఐ.ఆర్.ఇ.ఎల్. అని వ్యవహరించే ఈ సంస్థ, ఒడిశాలోని ఛత్రపురం వద్ద మోనజైట్‌ను శుద్ధిచేసి మిశ్రమ క్లోరైడ్‌ను తయారుచేస్తూ, దానిని వేర్వేరు లోహాల లవణాలుగా విడదీసే పనిని ఆలువాలో నిర్వహిస్తున్నది.

విడదీయడం సుదీర్ఘమైన ప్రక్రియ. క్లోరైడ్ ద్రావణాన్ని, కిరోసిన్ వంటి నూనెలో కలిపిన సేంద్రియ ఫాస్ఫరస్ సమ్మేళనంతో చిలికి, తేర్చి, మళ్ళీ చిలుకుతారు. కవ్వంతో మజ్జిగ చిలికితే వెన్న పైకి తేలినట్లు ఒక్కసారిగా ఏదీ విడివడదు. పక్కపక్కనే ఉన్న రెండు లోహాల మధ్య తేడా అత్యల్పం కనుక ఈ పనిని వరుసగా అమర్చిన వందలాది తొట్లలో మరల మరల చేయవలసి ఉంటుంది. చివరకు లభించిన నియోడిమియం ద్రావణం నుంచి ఆక్జలేట్‌గానో కార్బొనేట్‌గానో అవక్షేపం దించి కాల్చితే లేత నీలి ఊదా ఛాయ గల ఆక్సైడ్ పొడి వస్తుంది. వాణిజ్యంలో ఎక్కువగా చేతులు మారేది ఈ ఆక్సైడే.

నీరు వదలని లవణం

నియోడిమియం ఆక్సైడ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే వేడి పుట్టించుకుంటూ కరిగిపోతుంది. ద్రావణాన్ని మెల్లగా ఆవిరి చేస్తే గులాబీ ఊదా రంగు స్ఫటికాలు ఏర్పడతాయి. కళాశాల ప్రయోగశాలలో సైతం సాధ్యమయ్యే పని ఇది. అయితే ఇలా వచ్చిన స్ఫటికంలో ఒక్కొక్క నియోడిమియం క్లోరైడ్ అణువుతో పాటు ఆరు నీటి అణువులు చేరి ఉంటాయి. బరువులో 30 శాతం నీరే. కొనుగోలుదారుడు పది కిలోల లవణం తూచి తీసుకుంటే అందులో మూడు కిలోలు నీటికి ధర చెల్లించినట్లు. శుద్ధ నియోడిమియం లోహం వాటా 40 శాతం మాత్రమే.

ఈ నీరు గిన్నె అడుగున నిలిచిన నీరు వంటిది కాదు. స్ఫటికంలో నియోడిమియం అయానును ఆరు నీటి అణువులు నేరుగా పట్టుకొని ఉంటాయి. క్లోరిన్ అయాన్లలో రెండింటికి మాత్రమే దాని పక్కన చోటు దక్కుతుంది. మూడవది వెలుపలే ఉండిపోతుంది. అనగా క్లోరైడ్ అని పిలుస్తున్న ఆ స్ఫటికంలో లోహానికి దగ్గర చుట్టరికం క్లోరిన్ కంటె నీటితోనే ఎక్కువ.

అటువంటప్పుడు వేడిచేస్తే నీరు పోదా అన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. మొదటి కొన్ని అణువులు పోతాయి. చివరివి మాత్రం ఉత్త చేతులతో పోవు. వేడి పెరిగేకొద్దీ నీటిలోని ఆక్సిజన్ నియోడిమియంను అంటిపెట్టుకొని ఉండిపోతుంది, హైడ్రోజన్ వచ్చి క్లోరిన్‌ను వెంటబెట్టుకొని హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువుగా వెళ్ళిపోతుంది. పాత్రలో మిగిలేది క్లోరైడ్ కాదు, ఆక్సీక్లోరైడ్. చూపుకు పొడిగానే ఉంటుంది, తూకానికీ నిలుస్తుంది, కాని పనికి రాదు. నీటిలో కరగదు. లోహం తీసే మూసలో దానిని వేస్తే సులభంగా కరగక, లోహంలోకి ఆక్సిజన్‌ను చేరవేస్తుంది. ఆక్సిజన్ చేరిన నియోడిమియంతో మేలైన అయస్కాంతం తయారుకాదు. ఇంత పొడవైన శుద్ధి ప్రక్రియ తరువాత, చివరి కొద్దిపాటి నీరు మొత్తం కష్టాన్ని వ్యర్థం చేయగలదన్నమాట.

దీనికి విరుగుడు రసాయనవేత్తలు చాలా కాలం క్రిందటే కనుగొన్నారు. ఆక్సిజన్ నిలిచిపోకుండా ఉండాలంటే చుట్టూ హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువు ఎల్లప్పుడూ సమృద్ధిగా ఉండేటట్లు చూడాలి. పొడి హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువును స్ఫటికాల మీదుగా పంపుతూ నెమ్మదిగా వేడిచేయడం ఒక పద్ధతి. థయోనిల్ క్లోరైడ్ అనే ద్రవంతో నీటిని హరింపజేయడం మరొకటి. ఆక్సైడ్‌ను బొగ్గుపొడితో కలిపి వేడిచేస్తూ క్లోరిన్ వాయువును పంపే పద్ధతి కూడా ఉన్నది. మొదటి రెండూ ప్రయోగశాలకు తగినవి. వీటన్నిటిలోను ప్రమాదకరమైన వాయువులను, ద్రవాలను వాడవలసి వస్తుంది.

వీటికంటె సులువైనది, ఎక్కువగా ఆదరణ పొందినది నవాసాగరం పద్ధతి. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. పూర్వం వీధులలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు కొలిమిలో కాగిన గిన్నెలో తెల్లని పొడి చల్లి దూదితో రుద్దగానే ఘాటైన తెల్లని పొగ లేచేది. ఆ పొడి నవాసాగరమే. అది వేడికి అమ్మోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువులుగా విడిపోయి, గిన్నె మీది ఆక్సైడ్ చిలుమును క్లోరైడ్‌గా మార్చి ఊడగొడుతుంది. అప్పుడే తగరం లోహానికి చక్కగా అంటుతుంది. నియోడిమియం విషయంలో చేసేదీ సూత్రరీత్యా ఇదే పని. తేడా అల్లా, కళాయి వేసేవారికి కావలసింది ఆక్సైడ్ పోయిన గిన్నె, ఇక్కడ కావలసింది ఆక్సైడ్ నుంచి పుట్టిన క్లోరైడ్.

సమీకరణం ప్రకారం 100 గ్రాముల నియోడిమియం ఆక్సైడ్‌కు సుమారు 95 గ్రాముల నవాసాగరం సరిపోవాలి. ఆచరణలో అంతకంటె బాగా ఎక్కువగా, కొన్నిచోట్ల రెట్టింపు వరకు కలుపుతారు. ఈ మిశ్రమాన్ని 230 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా వేడిచేస్తే అమ్మోనియా, నీటి ఆవిరి వెలువడతాయి. నియోడిమియం నేరుగా క్లోరైడ్ కాకుండా ముందుగా అమ్మోనియంతో కూడిన జంట లవణంగా మారుతుంది. ఈ మధ్యంతర లవణంలో నీటికి చోటు లేకపోవడమే ఈ పద్ధతిలోని కిటుకు. తరువాత పాత్రలోని గాలిని పంపుతో తోడివేసి శూన్యస్థితిలో 350 నుంచి 400 డిగ్రీల వరకు వేడిచేస్తే, మిగిలిన నవాసాగరమంతా కర్పూరం వలె ద్రవం కాకుండానే ఆవిరై, గొట్టంలోని చల్లని భాగంలో తెల్లగా పేరుకుంటుంది. దానిని తిరిగి వాడుకోవచ్చు. అడుగున నీరు లేని, అనగా అనార్ద్ర, నియోడిమియం క్లోరైడ్ మిగులుతుంది. 100 గ్రాముల ఆక్సైడ్ నుంచి గరిష్ఠంగా 149 గ్రాములు రావాలి.

తయారైన దానిని మామూలు గదిలో సీసా మూత తీసి ఉంచితే చేసిన పని నిలవదు. వర్షాకాలంలో వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లడం అందరికీ తెలిసినదే. ఈ లవణం అంతకంటె ఎంతో ఆబగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. విశాఖ వంటి తీరనగరంలో గాలి తేమ ఎంతటిదో ఇక్కడి వారికి చెప్పనవసరం లేదు. అందువల్ల అనార్ద్ర క్లోరైడ్‌ను పొడి ఆర్గాన్ వాయువు నింపిన గ్లోవ్ బాక్స్‌లలో, అనగా చేతి తొడుగులు అమర్చిన మూసిన పెట్టెలలో మాత్రమే తీసి, తూచి, సీలు వేసిన సీసాలలో భద్రపరుస్తారు. ఈ ఏర్పాట్లన్నిటికీ అయ్యే ఖర్చే ఆక్సైడ్‌కూ అనార్ద్ర క్లోరైడ్‌కూ మధ్య గల ధర తేడాలో ఎక్కువ భాగం.

రంగు, ఇతర గుణాలు

అనార్ద్ర నియోడిమియం క్లోరైడ్ లేత ఊదా రంగు పొడి. సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.1 గ్రాములు. సుమారు 758 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. స్ఫటికంలో ఒక్కొక్క నియోడిమియం చుట్టూ తొమ్మిది క్లోరిన్లు చేరి ఉంటాయి. ఇంత పెద్ద పరివారం అరుదైన లోహాలలో ముందు వరుసలోని పెద్ద అయాన్లకే సాధ్యం. వరుస చివరకు పోయేకొద్దీ అయాన్లు చిన్నవై ఈ సంఖ్య తగ్గుతుంది. లవణం నీటిలో విశేషంగా కరుగుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద లీటరు నీరు ఇంచుమించు కిలో లవణాన్ని కరిగించుకోగలదు.

చూపరులను ఆకట్టుకునేది దీని రంగు. సూర్యకాంతిలో ఊదా గులాబీగా కనిపించే లవణం, ట్యూబ్ లైటు కిందకు తెస్తే ఆ గులాబీ తనం కోల్పోయి మరొక ఛాయలో కనిపిస్తుంది. నియోడిమియం కాంతిలోని కొన్ని సన్నని పట్టీలను, ముఖ్యంగా పసుపు రంగు ప్రాంతాన్ని, బలంగా మింగివేస్తుంది. సూర్యకాంతిలో అన్ని రంగులూ ఎడతెగకుండా ఉంటాయి. ట్యూబ్ లైటులో కొన్ని రంగులే ప్రస్ఫుటంగా ఉంటాయి. మింగడానికి దొరికిన దానిని బట్టి మిగిలిన రంగు కంటికి చేరుతుంది. గాజు పనివారు ధరించే డిడిమియం కళ్ళజోళ్ళు ఈ గుణం మీద ఆధారపడినవే. కొలిమిలోని గాజు నుంచి వచ్చే సోడియం పసుపు వెలుగును అవి అడ్డుకుంటాయి.

కాంతి విషయంలోనూ నీటితో తగవు ఉన్నది. నియోడిమియం అయాను 1.06 మైక్రాన్ల వద్ద పరారుణ కాంతిని వెలువరించగలదు. నియోడిమియం లేజర్లన్నీ ముఖ్యంగా దీని మీదనే పనిచేస్తాయి. కాని నీటిలో కరిగిన నియోడిమియం క్లోరైడ్ నుంచి ఈ వెలుగు దాదాపుగా రాదు. నీటి అణువులోని హైడ్రోజన్ బంధపు కంపనం ఆ శక్తిని ముందుగానే లాగివేసుకుంటుంది. అందుకే 1966లో అమెరికాలో ఆడమ్ హెల్లర్ ద్రవరూప నియోడిమియం లేజరును రూపొందించినపుడు హైడ్రోజన్ లేని సెలీనియం ఆక్సీక్లోరైడ్ అనే ద్రావణిని ఎన్నుకోవలసి వచ్చింది. అది విషపూరితమైనది, లోహాలను తినివేసేది కూడా. ఆ రకం లేజర్లు ప్రచారంలోకి రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

టైర్ల పరిశ్రమలో వాడే మేలు రకం కృత్రిమ రబ్బరు తయారీకి నియోడిమియం సమ్మేళనాలు ఉత్ప్రేరకాలుగా పనిచేస్తాయి. క్లోరైడ్ కూడా వాటిలో ఒకటి.

క్లోరైడ్ నుంచి లోహానికి

కరిగిన అనార్ద్ర క్లోరైడ్ గుండా విద్యుత్తును పంపితే ఒక ధ్రువం వద్ద లోహం, మరొక ధ్రువం వద్ద క్లోరిన్ వాయువు వస్తాయి. 20వ శతాబ్దం ఆరంభంలో ఈ మార్గంలోనే అరుదైన లోహాలను తీశారు. సిగరెట్ లైటర్లలోని నిప్పురాయికి వాడే మిశ్రమలోహం ఇలా వచ్చినదే. అయితే నియోడిమియంతో ఒక చిక్కు ఉన్నది. పుట్టిన లోహం తన చుట్టూ ఉన్న కరిగిన క్లోరైడ్‌లోనే మళ్ళీ కరిగిపోతుంది. వాడిన విద్యుత్తులో చాలా భాగం వృథా అవుతుంది. పైగా లవణం తేమను పీల్చకుండా అడుగడుగునా కాపలా కాయాలి.

ఈ కారణాల వల్ల నేటి పరిశ్రమ క్లోరైడ్‌ను వదలి దాని సోదర లవణమైన ఫ్లోరైడ్ వైపు మళ్ళింది. నియోడిమియం ఫ్లోరైడ్ నీటిలో కరగదు, తేమను పీల్చదు. లిథియం ఫ్లోరైడ్, నియోడిమియం ఫ్లోరైడ్‌లను కలిపి సుమారు 1,050 డిగ్రీల వద్ద కరిగించి, అందులో ఆక్సైడ్‌ను కొద్దికొద్దిగా వేస్తూ విద్యుద్విశ్లేషణ జరుపుతారు. లోహం అడుగున ద్రవంగా చేరుతుంది. ప్రపంచంలో నియోడిమియం లోహం అత్యధికంగా ఈ విధంగానే తయారవుతున్నది. దీనికీ లోపాలు లేకపోలేదు. ఆక్సైడ్ సరఫరా తగ్గితే గ్రాఫైట్ ధ్రువం నుంచి భూతాపాన్ని పెంచే ఫ్లోరోకార్బన్ వాయువులు వెలువడతాయి. ఫ్లోరైడ్‌ను కాల్షియం లోహంతో కలిపి మూసలో మండించి లోహం రాబట్టడం మరొక పద్ధతి. తక్కువ మోతాదులో మేలైన లోహం కావలసిన చోట దీనిని అనుసరిస్తారు.

ఈ లోహానికి 1980ల ఆరంభంలో ఒక్కసారిగా గిరాకీ ఏర్పడింది. జపాన్‌లోని సుమిటోమో సంస్థలో మసాటో సగావా, అమెరికాలోని జనరల్ మోటార్స్‌లో జాన్ క్రోట్, ఎవరికి వారుగా నియోడిమియం, ఇనుము, బోరాన్ కలసిన అయస్కాంతాన్ని కనుగొన్నారు. విద్యుత్ కారు మోటారులో సాధారణంగా ఒకటి రెండు కిలోల అయస్కాంతం ఉంటుంది. అందులో మూడో వంతుకు కొంచెం తక్కువ భాగం అరుదైన లోహాలు.

విశాఖతో గల సంబంధం

మిశ్రమ క్లోరైడ్ కథలో విశాఖపట్నానికి ప్రత్యక్ష పాత్ర ఉన్నది. జపాన్‌కు చెందిన టొయోటా సుషో సంస్థ అనుబంధ సంస్థ విశాఖ సమీపంలో నెలకొల్పిన కర్మాగారం, ఐ.ఆర్.ఇ.ఎల్. నుంచి మిశ్రమ క్లోరైడ్‌ను కొనుగోలు చేసి, విడదీసి, జపాన్‌కు ఎగుమతి చేస్తూ వచ్చింది. మన తీరపు ఖనిజం లవణంగా వెళ్ళి, అయస్కాంతంగా మళ్ళీ మనకే దిగుమతి అయ్యే పరిస్థితి ఇది. దేశీయ అవసరాల దృష్ట్యా ఈ ఎగుమతులను నిలిపివేయవలసిందిగా కేంద్ర ప్రభుత్వం ఐ.ఆర్.ఇ.ఎల్.ను కోరినట్లు 2025 జూన్‌లో వార్తలు వచ్చాయి.

భాభా అణు పరిశోధన కేంద్రం సాంకేతిక పరిజ్ఞానంతో విశాఖపట్నంలో నిర్మించిన అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే 11న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. ఏడాదికి 3,000 కిలోల సామర్థ్యం గల ఈ కర్మాగారంలో తయారయ్యేవి సమారియం కోబాల్ట్ అయస్కాంతాలు, నియోడిమియంవి కావు. వార్తలలో ఈ రెండూ కలగాపులగం కావడం తరచు కనిపిస్తున్నది. రసాయనరీత్యా కూడా ఇవి వేర్వేరు దారులు. సమారియం హాలైడ్‌ను కాల్షియంతో కలిపి వేడిచేసినా లోహం వరకు రాదు, సగం దారిలో రెండు హాలోజన్ల లవణంగా ఆగిపోతుంది. అందువల్ల సమారియంను ఆక్సైడ్ నుంచి లాంథనం వంటి లోహంతో క్షయకరణం చేసి, ఆవిరిగా తీసి చల్లార్చి సేకరిస్తారు. ఒక లోహానికి నేర్చిన విద్య పక్కనున్న లోహానికి అక్కరకు వస్తుందన్న భరోసా ఈ రంగంలో లేదు.

వార్తారచనలో గమనించవలసినవి

పరిమాణాలను పేర్కొనేటప్పుడు అది దేని బరువో విధిగా చెప్పవలసి ఉన్నది. ఒక కిలో నియోడిమియం లోహం కావాలంటే ఆక్సైడ్ రూపంలో సుమారు 1.17 కిలోలు, అనార్ద్ర క్లోరైడ్ రూపంలో 1.74 కిలోలు, నీటితో కూడిన క్లోరైడ్ రూపంలో 2.5 కిలోలు అవసరమవుతాయి. "వెయ్యి టన్నుల రేర్ ఎర్త్" అని మాత్రమే రాస్తే ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. మిశ్రమ క్లోరైడ్ అయితే అందులో అధిక భాగం సీరియం, లాంథనంలే కనుక లెక్క మరింత మారుతుంది.

చైనా 2025 ఏప్రిల్ 4న విధించిన ఎగుమతి నియంత్రణలు నియోడిమియం మీద అని పలుచోట్ల వచ్చింది. ఆ జాబితాలోని ఏడు లోహాలు సమారియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, ఇట్రియం. అందులో నియోడిమియం లేదు. అయితే మోటారు వేడికి తట్టుకునేందుకు నియోడిమియం అయస్కాంతాలలో డిస్ప్రోసియం, టెర్బియంలను కొద్దిగా కలుపుతారు. అటువంటి అయస్కాంతాలు నియంత్రణ కిందకు వచ్చాయి. మోనజైట్‌లో ఈ బరువైన లోహాలు అత్యల్పం కనుక, మన తీరపు ఇసుకతో ఆ లోటు పూర్తిగా తీరుతుందని రాయడం సరికాదు.

తీరగ్రామాలలో జరిగే ప్రజాభిప్రాయ సేకరణలలో తరచు వినవచ్చే ప్రశ్న రేడియోధార్మికత గురించినది. మత్స్యకార కుటుంబాలు ఈ ప్రశ్న అడగడంలో న్యాయం ఉన్నది. దానికి దాటవేత సమాధానం ఇవ్వరాదు. శుద్ధిచేసిన నియోడిమియం క్లోరైడ్ వల్ల రేడియోధార్మిక ప్రమాదం లేదు. మోనజైట్‌లోని థోరియం, దాని సంతతి మూలకాలు మాత్రం రేడియోధార్మికమైనవి. అవి తొలి దశలోని మడ్డిలో, బేరియం అవక్షేపంలో చేరతాయి. వాటి నిల్వ, రవాణా అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణకు లోబడి ఉంటాయి. కనుక ఏ కర్మాగారమైనా మోనజైట్‌ను నేరుగా తెస్తున్నదా, లేక థోరియం తొలగించిన క్లోరైడ్‌ను తెస్తున్నదా అన్నది అధికారులు ముందుగా స్పష్టంచేస్తే సగం అపోహలు తొలగుతాయి.

మిశ్రమ క్లోరైడ్ పీపాలను లారీలలో తరలించేటప్పుడు వర్షం తగలకుండా చూడాలి. నేల మీద ఒలికితే పొడిగా ఉండగానే పారతో ఎత్తి మూత గల డబ్బాలలో చేర్చాలి. నీళ్ళతో కడిగితే లవణం మొత్తం కరిగి కాలువలలోకి, చెరువులలోకి చేరుతుంది. దీని ద్రావణానికి స్వల్ప ఆమ్లగుణం ఉంటుంది. కళ్ళకు తగిలితే మంట పుడుతుంది కనుక వెంటనే ధారాళంగా మంచినీటితో కడిగి వైద్యునికి చూపించాలి.